ఆకు ఎముక

పుత్తూరు పేరు చెప్పగానే ఎవరైనా అడిగే మాట ఒకటే: "కట్టు కట్టే ఊరు కదా?" అవును. చెయ్యి విరిగినా కాలు విరిగినా ఎక్కడెక్కడి నుంచో, తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ కూడా జనం ఇక్కడికి వస్తారు. వెదురు బద్దలు, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ పీలికలు. పెళ్ళయి ఈ వైపుకి వచ్చిన ముప్పై ఏళ్ళలో అతికిన ఎముకల కథలు నేను విన్నన్ని ఇంకెవరూ విని ఉండరు. ఇప్పుడు నేను చెప్పబోయేది మాత్రం ఇంకో రకం ఎముక గురించి. కండంతా పోయి ఈనెలు మాత్రమే మిగిలిన ఆకు ఎముక గురించి.

మనలో చాలామందిమి చిన్నప్పుడు రావి ఆకుని నీళ్ళలో నానబెట్టి, జాలీలాగా మిగిలినదాన్ని పుస్తకంలో దాచుకున్నవాళ్ళమే. ఆ ఆకు కండని ఎవరు తిన్నారు అని నేనెప్పుడూ అడగలేదు. ఎమ్మెస్సీ జువాలజీ చదివేటప్పుడు లైబ్రరీలో ఒక మధ్యాహ్నం వాగుల జీవశాస్త్రం పుస్తకం తిరగేస్తుంటే ఆ ప్రశ్న, దాని జవాబు రెండూ ఒకేసారి దొరికాయి. చెట్ల నీడలో పారే చిన్న వాగులో సూర్యరశ్మి తక్కువ, పాచి తక్కువ. అందులో బతికే ప్రాణులకి చాలావరకు తిండి వాగులో పుట్టదు, ఒడ్డునున్న చెట్టు మీంచి రాలుతుంది. రాలిన ఆకే ఆ వాగుకి కూడు. 1975లో హెచ్.బి.ఎన్. హైన్స్ అనే శాస్త్రవేత్త, వాగుని దాని లోయ నుంచి వేరు చేసి చూడలేమని ఒక ఉపన్యాసంలో చెప్పాడు. లోయలో ఏ చెట్టు నాటితే వాగు అదే తినాలి.

మరి చెట్టు మారితే? మన కోనల్లోని నేరేడు, కానుగ, ఏరుమద్ది పోయి వాటి చోట జామాయిల్ వస్తే? ఇదే నేను చెయ్యాలనుకున్న పరిశోధన. గైడ్‌గారికి చెప్పాను. ఆయన పేరు, ఆ ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. "ఆడపిల్లవి. వారం వారం కోనల్లోకి ఎట్లా పోతావు? నీతో ఎవర్ని పంపాలి? ఏదైనా జరిగితే నాకు తలనొప్పి. లాబ్‌లో కూర్చుని చేసుకునే పని చూసుకో" అన్నారు. కోపంగా కూడా అనలేదు, నా మంచి కోరేవాడిలాగే అన్నారు. నేను గాజు తొట్టెల్లో చేపలకి పురుగుమందు కలిపి అవి ఎన్ని గంటలకి చస్తాయో రాసుకున్నాను. నేను చేపల దగ్గరికి వెళ్ళలేదు, చేపలే నా దగ్గరికి వచ్చాయి. అది కూడా సగంలో ఉండగా పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది, పిల్లలు పుట్టారు. నాతోపాటు మొదలుపెట్టిన మగపిల్లలు డాక్టర్లయ్యారు. ఇది నా ఒక్కదాని కథ కాదని ఈ పత్రిక చదివే చాలామందికి తెలుసు.

అత్తగారి ఊరు పుత్తూరుకి దగ్గర్లో, కొండ కింద పల్లె. కైలాసకోన లాంటి పేరున్న జలపాతం కాదు గాని, కొండలోంచి ఒక వంక దిగి మా వాళ్ళ చేని పక్కగా పోతుంది. నేను కాపురానికి వచ్చేనాటికి ఆ వంక గట్టున కానగ చెట్లు ఉండేవి. కానుగని మా వైపు కానగ అనే అంటారు. కొన్నేళ్ళకి మా మామగారు, బావగారు కలిసి ఆ చెట్లు కొట్టించి జామాయిల్ పెట్టారు. నీళ్ళు పెట్టే పని లేదు, పశువులు ముట్టవు, నాలుగైదేళ్ళకొకసారి కొడితే కాగితం మిల్లులకి పోతుంది, మొదలు నుంచి మళ్ళీ చిగురుస్తుంది. లెక్క ప్రకారం తప్పేమీ లేదు. ఇంట్లో ఆడవాళ్ళని అడగాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

మా అత్త ఒక్కతే గొణిగింది. ఆమె పెళ్ళికి ముందూ తర్వాతా మళ్ళలో ఆకు తొక్కిన మనిషి. నారు వేసే ముందు కానగ రొట్ట మోపులు మోపులుగా తెచ్చి బురదలో పరిచి, ఆడవాళ్ళందరూ వరసగా నిలబడి కాళ్ళతో తొక్కేవాళ్ళు. ఏ ఆకు ఎన్నాళ్ళకి మెత్తబడుతుందో, ఏది వాసనొస్తుందో, ఏ ఈనె అరికాలికి గుచ్చుకుంటుందో ఆమె కాళ్ళకి తెలుసు. రాలిన జామాయిల్ ఆకుని చేతిలో తిప్పి చూసి నాతో అంది: "ఇది కుళ్ళదు మే. కుళ్ళనిది ఎవురికీ కూడు గాదు."

అప్పుడు నేను నవ్వాను. నా ఎమ్మెస్సీ నవ్వు అది. ఆమె చెప్పింది ఎంత సూటి శాస్త్రమో అర్థం కావడానికి నాకు పాతికేళ్ళకి పైగా పట్టింది.

ఆకు నీళ్ళలో పడ్డాక మూడు దశలుంటాయి. మొదటి ఒకటి రెండు రోజుల్లో అందులో కరిగేవన్నీ కరిగి నీళ్ళలో కలిసిపోతాయి. ఆకు బరువు ఒక్కసారిగా తగ్గుతుంది, నీళ్ళు టీ డికాషన్ రంగుకొస్తాయి. తర్వాత బూజులు వస్తాయి. నీటిలో బతికే ఈ బూజుల్ని 1942లో ఇంగోల్డ్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. వాటి విత్తనాలు కొన్ని నాలుగు కాళ్ళ ముక్కాలి పీటల్లాగా ఉంటాయి, పారే నీళ్ళలో కొట్టుకుపోకుండా ఆకుకి పట్టుకోవడానికి. పడమటి కనుమల వాగుల్లో వీటిని మంగుళూరు పరిశోధకులు చాలా ఏళ్ళు చదివారు. బూజు ఆకు లోపలికి దిగి మెత్తబరుస్తుంది. మూడో దశలో పురుగులు వచ్చి తింటాయి. నిజానికి వాటికి కావలసింది ఆకు కంటే ఆకు మీది బూజు. కమ్మిన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని బిస్కెట్టు మీద పూసిన వేరుశనగ ముద్దతో పోల్చాడు. మా చిత్తూరు వాళ్ళకి చెప్పాలంటే, ఆకు సంగటి, బూజు ఊరుబిండి. వట్టి సంగటి మింగుడు పడదు.

ఆ కమ్మిన్సే 1973లో వాగులోని పురుగుల్ని అవి తినే పద్ధతిని బట్టి విభజించాడు. చించి ముక్కలు చేసేవి. రాలిన ముక్కల్ని ఏరుకునేవి. పారే నీళ్ళని వడకట్టేవి. రాళ్ళకి పట్టినదాన్ని గీకేవి. వీటిని వేటాడేవి. ఈ జాబితాని బోర్డు మీద తెలుగులో రాసిన రోజు నేను చాక్‌పీసు పట్టుకుని ఆగిపోయాను. చించడం, ఏరడం, వడకట్టడం, గీకడం... ఆకుకూర, బియ్యం, కషాయం, మాడిన గిన్నె. వేట ఒక్కటి తప్ప మిగతావన్నీ నేను ఆ పొద్దున ఇంట్లో చేసి వచ్చిన పనులే. వాగు బతకడానికి జరిగే పనంతా వంటింటి పనే. పైనున్నవి ముక్కలు చేస్తేనే కింద ఉన్నవి ఏరుకుంటాయి, వడకట్టుకుంటాయి. నది చేపకీ, చేప మనిషికీ చేరే దారి ఇక్కడే మొదలవుతుంది. అయినా నది గురించి రాసిన మన సాహిత్యంలో చేప ఉంటుంది, తామర ఉంటుంది, ఆకు కొరికే పురుగు ఉండదు. చేసేవాళ్ళు కనపడని పనికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

2021లో, రిటైర్‌మెంటు దగ్గర పడుతున్నప్పుడు, ఇక ఎవరి అనుమతీ అడగకూడదనుకున్నాను. డిగ్రీ చదివే అమ్మాయిలు నలుగురు వస్తామన్నారు. అడవి హద్దుకి ఇవతల, మా చేని పక్కన వంకలోనే పని. ఎర్రగడ్డల వలసంచులు తెచ్చాం. కానుగ, నేరేడు, ఏరుమద్ది, జామాయిల్, సర్కారు తుమ్మ. అయిదు రకాల రాలిన ఆకుల్ని నీడలో ఆరబెట్టి, తూచి, సంచుల్లో పెట్టి, రాళ్ళు కట్టి నీళ్ళలో దించాం. అవే ఆకుల్ని దోమతెర గుడ్డతో కుట్టిన సంచుల్లో కూడా పెట్టాం. పెద్ద కన్నుల సంచిలోకి పురుగులు దూరగలవు, దోమతెరలోకి దూరలేవు. రెండింటికీ తేడాయే పురుగులు చేసిన పని. కనపడని శ్రమని కొలవడానికి ఇంత తేలికైన సాధనం ఉందని నేను ఆర్థికశాస్త్రం మిత్రులతో చెప్పి నవ్వుకుంటుంటాను.

నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు మా వంకలోనూ వచ్చాయి. ఒక్క సంచీ మిగల్లేదు. జనవరిలో మళ్ళీ మొదలుపెట్టాం.

రెండు వారాలకి తీసి పింగాణి పళ్ళెంలో నీళ్ళు పోసి విడదీశాం. కానుగ ఆకు జిగటగా, చిల్లులు పడి ఉంది. అందులో మూడు తోకల మేఫ్లై పిల్లలు, చిన్న నత్తలు, ఎర్రటి దారప్పోగుల్లాంటి పురుగులు. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌దే, మన నెత్తుట్లో ఉండేలాంటిదే. గాలి తక్కువున్న బురదలో బతకడానికి అది వాటికి సాయం. జామాయిల్ ఆకు మాత్రం చెప్పుల తోలులాగా వంగింది, విరగలేదు. ఎక్కినవి తక్కువ. దాని మీద మైనం పొర, లోపల నూనె. పోర్చుగల్‌లో కొండలన్నీ యూకలిప్టస్ అయిపోయాక, కొయింబ్రాలో క్రిస్టీనా కన్యోటో, మాన్యుయెల్ గ్రాసా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ పొరే బూజుని లోపలికి రానివ్వదనీ, ఆ నూనె పురుగులకి హాని చేస్తుందనీ 1990ల్లో చూపించారు. వాళ్ళు చదివింది మా దగ్గరున్న జాతి కాదు, అయినా తోలు ఒకలాంటిదే. మా అత్త చేతిలో ఆకు తిప్పి చెప్పింది ఇదే.

ఇక్కడితో ఆగితే వ్యాసం అందంగా ముగిసేది. మనది మంచిది, బయటిది చెడ్డది. కాని సంచులు ఇంకోటి కూడా చెప్పాయి.

అన్నిటికంటే ముందు మాయమైంది కానుగ కాదు, సర్కారు తుమ్మ. దోమతెర సంచిలో పెట్టినా రెండో వారానికి దాదాపు పిండి అయింది. సర్కారు తుమ్మ మన చెట్టు కాదు. అమెరికా ఖండం నుంచి తెచ్చి 1870లలో మన రాయలసీమలోనే, కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించారు. అది చెయ్యని పాపం లేదు, చెరువులన్నీ ఆక్రమించింది. కాని పప్పుజాతి చెట్టు కాబట్టి ఆకులో నత్రజని ఎక్కువ, ఆకు పల్చన. బూజుకి విందు. ఇంకోవైపు మన సొంత ఏరుమద్ది, వగరు నిండిన దళసరి ఆకు, జామాయిల్ కంటే పెద్దగా వేగంగా ఏమీ కుళ్ళలేదు. ఆరో వారానికి జామాయిల్ ఆకు కూడా మెత్తబడింది, దాని లోపల సొరంగాలు తవ్వుకుని ఎర్ర పురుగులు కాపురం పెట్టాయి.

అంటే వాగు గోత్రం అడగదు. ఎంత నత్రజని, ఎంత వగరు, ఎంత మైనం, ఎంత గట్టి నార అని చూస్తుంది. వేరే దేశాల్లో చేసిన పరిశోధనలూ చాలావరకు ఇదే అంటాయి: చెట్టు పుట్టిల్లు కంటే ఆకు గుణం ముఖ్యం. మరి జామాయిల్ తోటతో సమస్య ఎక్కడ? ఒకే ఆకు కావడంలో. మిశ్రమ అడవిలో తొందరగా కుళ్ళేది ఒకటి, నెమ్మదిగా కుళ్ళేది ఒకటి ఉంటాయి. ఒకటి అయిపోయేసరికి ఇంకోటి పక్వానికొస్తుంది. ఏడాది పొడుగునా ఎవరికో ఒకరికి కూడు ఉంటుంది. ఒకే చెట్టు నాటితే ఆ వరస తెగిపోతుంది.

ఈ మాట నాకు ఎందుకు ఇంత పట్టిందో చెప్పాలి. సొంత, పరాయి అనే మాటలు విన్నప్పుడల్లా నా ఒళ్ళు బిగుసుకుంటుంది. పుట్టింట్లో నన్ను "ఆడ" పిల్ల అన్నారు, అక్కడి పిల్ల అని. ఇక్కడికొచ్చాక "బయటి నుంచి వచ్చింది, దానికేం తెలుసు" అన్నారు. ముప్పై ఏళ్ళు వండిపెట్టినా కోడలు నాటిన మొక్కే. అందుకే మొదట్లో, ఈ పరిశోధన గురించి ఎవరైనా "మన చెట్లు, మన నేల" అని ఆవేశపడితే నేను తల ఊపలేకపోయేదాన్ని. సంగటి పక్కన పెట్టుకునే పచ్చడిలో మిరపకాయ, వేరుశనగ రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. చింతచెట్టుది ఆఫ్రికా. వాటిని ఇప్పుడు ఎవరూ బయటివి అనరు. అట్లాగని అన్ని రాకలూ ఒకటేనని కూడా చెప్పలేను. చింతచెట్టు ఎవరి పొలాన్నీ తుడిచిపెట్టి రాలేదు. 1983లో కర్ణాటకలో తుమకూరు జిల్లా రైతులు యూకలిప్టస్ మొక్కల్ని పీకేసినప్పుడు వాళ్ళ కోపం చెట్టు పుట్టుక మీద కాదు. రాగి పండే నేలని ఎవరినీ అడక్కుండా మిల్లుకి అప్పగించడం మీద. 2017లో ఆ రాష్ట్రం కొత్తగా యూకలిప్టస్ నాటడాన్ని నిషేధించింది. ఎక్కడి నుంచి వచ్చావని కాదు, ఎవరిని తోసి, ఎవరు నిర్ణయిస్తే వచ్చావన్నది అడగాల్సిన ప్రశ్న. కోడలి విషయంలోనూ అంతే. వచ్చినదాన్ని నేనే గాని, రప్పించుకున్నది వాళ్ళు.

నలుగురు అమ్మాయిల్లో ఒకమ్మాయిని నాలుగో వారం నుంచి నాన్న పంపలేదు. "వంకల్లో తడి బట్టలతో తిరగడమేం చదువు?" అన్నాడట. అవే మాటలు, ముప్పై ఏళ్ళ తర్వాత. నేను వాళ్ళింటికి వెళ్ళాను. మగ్గాల వాళ్ళిల్లు. ఏం చెప్పాలో తెలియక, ముందురోజు మేఫ్లైల మధ్య దొరికిన ఒక పురుగుని సీసాలో చూపించాను. కాడిస్ జాతి. రెండు ఆకు ముక్కల్ని గుండ్రంగా కత్తిరించి, పైది పెద్దది, కిందిది చిన్నది, మధ్యలో తను దూరి, నోట్లోంచి వచ్చే పట్టుతో వాటిని కలిపి కుట్టుకుంటుంది. నీళ్ళలో తడిసినా ఊడని కుట్టు. పలమనేరు, కుప్పం వైపు పెంచే పట్టుపురుగుకి ఇది దగ్గరి చుట్టం. పట్టు తీసే విద్య ఈ రెండు వంశాలకీ ఒకే పూర్వీకుల నుంచి వచ్చింది. ఆయన సీసాని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. "తడిలో దారం ఎట్లా పట్టుకుంటాది మేడం?" అన్నాడు. ఒప్పుకున్నాడని చెప్పను. "మీరు తోడుంటే సరే" అన్నాడు. అంటే ఆ పిల్ల స్వేచ్ఛ ఇప్పటికీ ఇంకొకరి తోడు మీదే నిలబడి ఉంది. ఆ మాట నాకు ముల్లులా ఉండిపోయింది.

ఆ రాత్రి అమ్మాయిలకి ఆన్ హేవెన్ మోర్గన్ గురించి చెప్పాను. మేఫ్లైల మీద పరిశోధన చేసి 1912లో కార్నెల్‌లో డాక్టరేట్ తీసుకుంది. ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెబుతూ, 1930లో చెరువులు, వాగుల ప్రాణుల గురించి మామూలు మనుషులు జేబులో పెట్టుకుని తిరిగే పుస్తకం రాసింది. ఉష్ణదేశపు వాగుల్లో ఆకు చించే పురుగులు తక్కువని చాలాకాలంగా ఒక వాదం ఉంది. ప్రపంచవ్యాప్తంగా ఒకే రకం ఆకుని ఎన్నో దేశాల వాగుల్లో దించి పోల్చిన పరిశోధనకి లూజ్ బొయెరో అనే స్త్రీ నాయకత్వం వహించింది. 2011లో వచ్చిన ఆ ఫలితాలు కూడా వేడి ప్రాంతాల్లో ఆ పని ఎక్కువగా సూక్ష్మజీవులదేనన్నాయి. అయితే కొన్ని వాగుల్లో ఎండ్రకాయలు ఆ పని చేస్తాయి, రాత్రిపూట. పగలు మాత్రమే వెతికేవాళ్ళకి అవి లెక్కలోకి రావు. లేవు అనడానికీ, మేం చూసే వేళకి లేవు అనడానికీ చాలా తేడా ఉంది. స్త్రీల చరిత్ర రాసినవాళ్ళకి ఇది కొత్త కాదు.

చివరి సంచులు తీసే రోజు మా అత్త కర్ర పోటేసుకుంటూ వంక దగ్గరికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. "ఏమ్మే, వీటికోసరమా పొద్దన్నుంచీ నీళ్ళల్లో నిలబడుకోనుండావు?" అంది. పళ్ళెం చూపించాను. వంగి చూసి, "ఇవి మడిలో ఉంటాయి గదా. ఆకు తొక్కినంక వస్తాయి" అంది, నాకు కొత్తేమీ చెప్పడం లేదన్నట్టు. కానుగ సంచిలోంచి ఈనెలు మాత్రమే మిగిలిన ఆకు తీసి ఆమె అరచేతిలో పెట్టాను. వెనక ఆమె చేతి గీతలు కనిపించాయి.

ఆ ఏడు వేసవిలో ముసలి జామాయిల్ మొదళ్ళు పెకలించి కొత్త మొక్కలు పెట్టడానికి బావగారు కాగితాలు తెచ్చారు. మామగారు పోయాక వంక పక్కని ముక్క అత్త పేరు మీదికి వచ్చింది. ఇన్నాళ్ళూ ఆమె చదవకుండా, ఎవరూ వినిపించకుండా వేలిముద్ర వేస్తూ వచ్చింది. ఆ రోజు సిరా డబ్బా ముందుకు జరిపితే చెయ్యి కొంగులో పెట్టుకుంది. "వంక గట్టున రెండు సాళ్ళు కానగ పెట్టుకుంటామని రాయండి. అప్పుడేస్తా ముద్ర" అంది. "ఎవురు చెప్పినారు నీకు?" అని బావగారు నా వైపు చూశారు. "నా కాళ్ళు చెప్పినాయి" అంది.

రెండు సాళ్ళే. మిగతాది జామాయిలే. ఒడ్డున చెట్ల వరస నిలబెడితే వాగుకి చాలా మేలని పుస్తకాలు చెబుతాయి, ఎంత మేలో ఈ వంక చెప్పాలి. కానుగ మొక్కలు ఇప్పుడు నా నడుము దాటాయి. అత్త లేదు. మగ్గాల ఇంటి అమ్మాయి ఎమ్మెస్సీలో చేరింది. మొన్న ఫోన్ చేసి, సంచులు దించడానికి చోటు కావాలి, ఈసారి రాత్రిపూట కూడా చూస్తాను మేడం, ఎండ్రకాయలున్నాయేమో, అంది. నీతో ఎవరొస్తారు అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. టార్చిలైటు మా ఇంట్లో ఉంది, తీసుకుపో అన్నాను.